చిత్తడి అంచున ఇంకెరి మాటు

వేట నుంచి తిరిగొచ్చి బృందం గుడిసె వాకిట్లో నిలబడగానే ఇంకెరి చేసే పని ఒకటుంది. తుపాకీలో గుండు లేదని చూసుకుంటుంది. గొట్టం చివర చప్పుడు తగ్గించే సైలెన్సర్ మర విప్పుతుంది. మూతి కిందికి పెట్టి అరచేతిలో తడుతుంది. ఏం రాలిందో చూస్తుంది. కాస్త మసి. ఒక్కోసారి అదీ ఉండదు. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని లోపలికి వస్తుంది.

ఊళ్లో అందరివీ ఒకే రకం సైలెన్సర్లు. సగం తుపాకీ గొట్టానికి ముందు నిలుస్తుంది, సగం ఒరలాగా వెనక్కి వచ్చి గొట్టాన్ని కప్పుతుంది. పొదల్లో నడిచేవాళ్లకు తుపాకీ పొడుగు పెరగకపోవడం సుఖం.

ఇంకెరి బడి వంటశాలలో పనిచేస్తుంది. దుప్పివేట బృందంలో చేరిన మొదటి శరత్తులోనే చెప్పేసింది: "వారమంతా పిల్లలకు వండుతున్నా. శనివారం మీకు వండను." అప్పట్నుంచి బఠాణీ పులుసు మగవాళ్లే కాచుకుంటున్నారు. ఇప్పటికీ అడుగంటుతూనే ఉంది.

చిత్తడి అంచున సూదాకుల స్ప్రూస్ చెట్టుకు పలకలు కొట్టి మాటు కట్టింది వాళ్ల నాన్న. ఆయన పోయాక అక్కడ కూర్చునేది ఆమే. గుడిసె గోడకు ఒక్కో మాటుకూ ఒక మేకు, మేకుకు మనిషి పేరున్న చెక్కముక్క. ఎదురుగా నిలబడ్డ దుప్పికి గురి తప్పినవాడి చెక్కముక్క దిగిపోతుంది. ఇసుకగుంటలో గురి అట్టమీద కాల్చి చూపించేదాకా వాడు దుప్పుల్ని అదిలించేవాళ్లతో అడవిలో కేకలేస్తూ నడవాలి. నిరుడు బృందంలో కుర్రవాడు రేయో చెక్కముక్క దించింది ఇంకెరే, నవ్వుతూ.

ఆ శనివారం పొద్దుట్నుంచీ వాన. వానలో తుపాకీ మూతి నేలవైపే ఉండాలని నాన్న నేర్పాడు. ఆమె అలాగే భుజానికి తగిలించుకుంది. మూతికి టేపు కూడా అంటించింది, గుండు దాన్ని చించుకునే పోతుంది. తడిసిన స్ప్రూస్ కొమ్మల కింద నుంచి నడిచి మాటెక్కింది. మధ్యాహ్నానికి మబ్బు విడిపోయింది. చలి బిగిసింది. చిత్తడి మీద గడ్డి మంచుపట్టి తెల్లబడింది.

వేటకుక్క మొరుగు దగ్గరైంది. పడుచు మగ దుప్పి బయటికొచ్చి అడ్డంగా నిలబడింది. ఇంకెరి ఊపిరి బిగబట్టి కాల్చింది. దుప్పి తల తిప్పి ఆమెవైపు చూసి, తొందరేం లేనట్టు అడవిలోకి వెళ్లిపోయింది.

నెత్తురు లేదు, వెంట్రుక లేదు. కుక్క వాసన చూసి ఊరుకుంది. బృందం పెద్ద తైస్తో, దుప్పి నిలబడ్డ చోటికి వెనకాల బర్చ్ చెట్టులో గుండు దెబ్బ కనిపెట్టాడు. దుప్పి రొమ్ముకు మూరెడు ముందు.

"మంచు మెరుపేమో కళ్లకి," అన్నాడు తైస్తో, ఆమెకు ఒక దారి చూపిస్తూ.

"మెరుపేం లేదు," అంది ఇంకెరి.

దారంతా చేతులకేసి చూసుకుంది. కళ్లా, చేతులా? నాన్నకూ ఇలాగే మొదలైంది. ఒక ఏడు గురి తప్పాడు, మరుసటి ఏడు మాటెక్కలేదు.

వాకిట్లో ఎప్పటిలాగే సైలెన్సర్ విప్పబోయింది. బిగుసుకుపోయింది. బలంగా తిప్పితే ఊడింది. మూతి కిందికి పెట్టి తట్టింది. ఏమీ రాల్లేదు. లోపలికొచ్చి దాన్ని పొయ్యి గట్టుమీద నిలబెట్టింది, ఈసారి మూతి పైకి, పరధ్యానంలో.

రేయో అప్పటికే ఆమె చెక్కముక్క దించి చేతిలో తిప్పుతున్నాడు. "అక్కా, రేపు నాతో నడుద్దువుగాని. కేకలెయ్యడం నేర్పిస్తా. నిరుడు నువ్వే కదా నన్ను ఈ కేకల బడిలో చేర్పించావు!"

"నీ కేక వింటే దుప్పి రాదురా, తోడేలొస్తుంది," అంది ఇంకెరి. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

పొయ్యి మీద సుయ్యిమంది. మళ్లీ సుయ్యి. గట్టు మీంచి నల్లని నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్లలో స్ప్రూస్ సూదాకులు, ఇంకా కరగని మంచుపలుకు ఒకటి. సైలెన్సర్ వెనక అంచు నుంచి, గొట్టం దూరే సందులోంచి వస్తున్నాయి.

ఇంకెరి దగ్గరికొచ్చి చూసింది.

"మూతి కిందికి పెట్టుకున్నా," అంది నెమ్మదిగా. "వాన గొట్టం మీంచి జారి వెనక సందులోకి దిగింది, చెత్తతో సహా. మూతికేమో టేపు. పోయే దారేది? గడ్డకట్టి గొట్టాన్ని పక్కకు నెట్టి ఉంటుంది."

"నాన్న చెప్పినట్టే చేశావు కదా," అన్నాడు తైస్తో.

"నాన్న తుపాకీకి ఈ ఒర లేదు."

రేయో ఆమె చెక్కముక్క బల్లమీద పెట్టి, ఏదో గుర్తొచ్చినవాడిలా వాకిట్లోకి వెళ్లాడు. అతను తన సైలెన్సర్ తట్టుకుంటున్న చప్పుడు. ఇంకొకడు లేచాడు. చివరికి పులుసు గిన్నె దగ్గర తైస్తో, ఇంకెరి మిగిలారు.

"తప్పు నీది కాదు. చెక్కముక్క మేకుకు తగిలించెయ్యి," అన్నాడు తైస్తో.

"రేయోకి నిరుడు ఎందుకు తప్పిందని నేనడిగానా?" అంది ఇంకెరి. "దిగిందంటే దిగిందే. అడుగంటుతోంది, కలుపు."

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే, ఆమె ఇసుకగుంటకు వెళ్లింది. తుపాకీ వెనక బోల్టు తీసి గొట్టంలోంచి వెలుతురు చూసింది. సైలెన్సర్‌ను ఒకసారి మూతివైపు, ఒకసారి వెనకవైపు అరచేతిలో తట్టింది. బిగించి, నీళ్లు దిగకుండా వెనక సందు మీదికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగింది. అట్టమీద కాల్చింది. గుండు నడిమధ్యన పడింది.

ఆ అట్టను గుడిసె గోడకు, తన మేకుకే గుచ్చింది. దానిమీద చెక్కముక్క తగిలించి చిత్తడివైపు నడిచింది.