కదలని మనిషి

అరకు స్టేషన్‌లో కిరండూల్ రైలు దిగేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. మాఘమాసం. ఎండా ఉంది, చలీ ఉంది. ట్రక్కులో రెండు గంటలు, తర్వాత కాలినడకన గంటంపావు. కాఫీ తోటలు దాటాక బోడికొండ నెత్తిన మా క్యాంపు. ఆరు గుడారాలు, ఇసుక బస్తాల గోడ, ఒక జెనరేటర్. నా వీపు మీద పద్దెనిమిది కిలోల పెట్టె. అందులో డ్రోన్, ఒక స్క్రీన్, నాలుగు బ్యాటరీలు. ఒక్కో బ్యాటరీ నలభై నిమిషాలొస్తుంది.

జవాన్లు నన్ను చూసి కాదు, ఆ పెట్టెను చూసి సంబరపడ్డారు. అప్పటిదాకా అడవిలో తిరిగే దళాల మీద నిఘా అంటే కాళ్ళీడ్చుకుంటూ కొండెక్కడమే. గుడ్డికన్నా మెల్ల నయం కదా. నాకూ ఛాతీ పొంగింది. మీరు టీవీలో చూసే యుద్ధాల్లో డ్రోన్లు బాంబులు వేస్తాయి. మాది వెయ్యదు, చూస్తుంది, అంతే. చూస్తే ఎవరి సొమ్మేం పోయిందనుకునేవాణ్ణి.

అసలా యంత్రం ఈ కొండల కోసం చేసింది కాదు. మంచు సరిహద్దు కోసం కొన్నారు. లోపలి ప్రోగ్రాం వేరే దేశంలో రాశారు, అక్కడి యుద్ధాల వీడియోలు చూపించి దానికి నేర్పారు. ఒంటి వేడిని బట్టి మనిషిని తెల్లగా చూపిస్తుంది. ఎలాంటి మనిషో కూడా అదే తేల్చేస్తుంది. డ్రోన్ నెత్తిమీదకొస్తే మామూలు జనం పరుగెడతారు, లేదంటే తలెత్తి చూస్తారు. శిక్షణ ఉన్నవాడు కదలడు. కదలనివాడి చుట్టూ స్క్రీన్ మీద ఎర్రగడి పడుతుంది.

మూడు నెలలు ఆ మాట నిజమే అయింది. పశువులు కాసేవాళ్ళు పరుగెత్తారు. సంతకెళ్ళే ఆడవాళ్ళు పసుపుకొమ్ముల తట్టలు దించి మరీ పరుగెత్తారు. రేడియో ఆపరేటరూ నేనూ స్క్రీన్ ముందు పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

వైశాఖంలో ఒక ఉదయం, తొమ్మిదీ పది. గాలి లేదు. క్యాంపుకు ఉత్తరంగా రెండు కిలోమీటర్ల దూరంలో నిలువు కొండచరియ. దాని అంచున ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కొంచెం కింద, చరియ లోపలికి తిరిగి కెమెరాకు అందని చోట, పొగ. వంట పొయ్యి అనుకున్నాను. రాతి మీద నల్లటి మచ్చలు. తేమ అనుకున్నాను.

ఎర్రగడి పడింది. కంపెనీ కమాండర్ వచ్చి నా వెనకాల నిలబడ్డాడు.

"కాపలావాడా?"

"అలాగే ఉంది సార్. కదలట్లేదు."

"కిందికి దించు. మొహం కావాలి."

నూట ఇరవై మీటర్ల నుంచి నలభైకి దించాను. అతను తల వంచుకున్నాడు గానీ లేవలేదు. మొహం పడలేదు. ఎనిమిది మంది పెట్రోలింగ్ పార్టీని పంపించి కమాండర్ మ్యాపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఈ ముక్క రాయడానికే నాకిన్నేళ్ళు పట్టింది. రెండోసారి దించమని నాకెవరూ చెప్పలేదు. నేనే దించాను. మొహం పట్టిచ్చి శభాష్ అనిపించుకోవాలని, చరియకు ఎదురుగా పదిహేను మీటర్ల దగ్గరికి తీసుకెళ్ళాను. రెక్కల గాలి ఆ నల్ల మచ్చలకు తగిలింది. మచ్చలు కదిలాయి. స్క్రీన్ నిండా చుక్కలు లేచాయి.

రేడియో ఆపరేటర్ శ్రీకాకుళం వాడు. వంగి చూసి, "ఏట్రా అవి?" అన్నాడు.

"ఏవో పురుగులు," అన్నాను. అవి తేనెటీగలని నాకు తెలుసు. తెలిసే పురుగులన్నాను. డ్రోన్ పైకి లేపేశాను.

ఆ మనిషి అప్పుడూ కదల్లేదు.

"కుడుతున్నా కదల్లేదంటే గట్టి ట్రైనింగేరా," అన్నాడు ఆపరేటర్. నేను తలూపాను. తొమ్మిదీ ఇరవై రెండు నుంచి తొమ్మిదీ నలభై దాకా చూస్తూ కూర్చున్నాను. అతని తల కొద్దికొద్దిగా మోకాళ్ళ మీదకు వాలింది. చేతులు మాత్రం ముందుకు చాచినవి చాచినట్టే ఉన్నాయి. తుపాకీ పట్టుకున్నాడనుకున్నాను.

అంతలో అంచు కింద నుంచి ఇంకో మనిషి పైకి పాకాడు. వచ్చీరాగానే తన ఒంటి మీది కంబళి లాగి మొదటివాడి మీద కప్పాడు. మీద పడి పట్టుకున్నాడు. నాకప్పుడు అర్థమైంది. ఆ చేతుల్లో ఉన్నది తుపాకీ కాదు.

పదీ పదికి పార్టీ ముందు నడిచే స్కౌట్ రేడియోలో వచ్చాడు. "ఇద్దరు. ఆయుధం లేదు, తాడుంది. ఒకడు పోయాడు."

అడ్డతీగ నారతో పేనిన తాడు. ఒకడు దానికి వేలాడి, కాగడా పొగ పెట్టి తేనెపట్టు కోస్తాడు. ఇంకొకడు పైన కూర్చుని తాడు నడుముకు చుట్టుకుని పట్టుకుంటాడు. పొగా కంబళీ వేలాడేవాడికే. పైవాడికి ఏమీ ఉండదు. శవాన్ని కొండ దిగువకు మోసుకొచ్చాక నేనూ అక్కడికి వెళ్ళాను. వేలాడిన మనిషి ఇదంతా నాకే చెప్పాడు. నేనెవరో అతనికి తెలీదు.

"తాడు బామ్మర్ది సేతికే ఇత్తాం సార్. ఇంకెవులికీ ఇవ్వం. సొంత తమ్ముడైనా ఒగ్గేత్తాడేమో గానీ ఆడు ఒగ్గడు. సెల్లెలు ముండమోత్తాదని ఆడికి బెంగ." ఆకాశం వైపు చూపించి, "ఆ మర ఎందుకొచ్చింది సార్? ఏటి కావాల దానికి?" అని అడిగాడు.

నీళ్ళ సీసా అతని చేతికిచ్చాను.

తేనెటీగల దాడిలో గిరిజనుడి మృతి అని రిపోర్టు వెళ్ళింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. డ్రోన్ మాటా లేదు. ప్రోగ్రాం అమ్మినవాళ్ళు వచ్చి ఆ వీడియో కూడా పట్టుకెళ్ళారు, యంత్రానికి ఇంకా నేర్పాలట. అది చూసి ఏం నేర్చుకుందో, ఇప్పుడు ఏ దేశపు కొండల మీద ఎవరి చుట్టూ గడి గీస్తోందో నాకు తెలీదు. ఇంకో మూడు క్యాంపుల్లో పని నేర్పమని నన్నే పంపారు. వెళ్ళి నేర్పాను.

సర్వీసు ముగించుకుని విజయనగరం దగ్గర మా ఊరికి వచ్చేశాను. పెళ్ళిళ్ళకు డ్రోన్ ఎగరేసి పెట్టమని అడుగుతుంటారు. నడుం నొప్పని తప్పించుకుంటాను. యంత్రం చేసిన తప్పుకు నువ్వేం చేస్తావని మా ఆవిడ ఓదారుస్తుంది. దించింది నా బొటనవేలేనని ఆమెకింకా చెప్పలేదు. ఇది అచ్చయితే చదువుకుంటుంది.

ఆ రోజు ఒంటిగంటకు ఆ చెల్లెలు వచ్చింది. ముందు మొగుణ్ణి చూసింది. తర్వాత అన్నను చూసింది. అతని వేళ్ళు ఎంతకీ రాకపోతే స్కౌట్ తాడును రెండు పక్కలా కోసేశాడు. జానెడు ముక్క గుప్పిట్లోనే ఉండిపోయింది. ఆమె నేల మీద చతికిలబడి ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పుతూ, నిద్రపోతున్న మనిషికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"మీ బావ పైకొచ్చేసినాడన్నా. ఇంక ఒగ్గీ."