కాన్పులో ఫెయిలేమిటి?

2023లో నేను నెల్లూరు తీరాన ఒక ఆసుపత్రి లేబర్ రూమ్‌లో నర్సుని. చుట్టుపక్కల రొయ్యల గుంటల ఊళ్ల నుంచి కాన్పులకు మా దగ్గరికే వచ్చేవారు. నెలలు నిండిన సుభాషిణి కూడా అలాగే అత్తగారితో వచ్చింది. మొదటి బిడ్డ వేరే ఊళ్లో ఆపరేషన్‌తో పుట్టాడు.

“ఈసారి నొప్పులు పడాలనుందా?” అని అడిగాను.

“ఎందుకుండదు సిస్టర్? కానీ నాది ఫెయిలైన ఒళ్లు. అప్పుడు డాక్టర్లే అనుకున్నారు, నేను విన్నా.”

వాళ్లన్నది ‘ఫెయిల్యూర్ టు ప్రోగ్రెస్’. నొప్పులొస్తున్నా గర్భసంచి ముఖం తెరుచుకోవడం ఆగిపోతే మేం వాడే మాట. ఆ పూటకి జరిగింది అది. ఈ పిల్ల దాన్ని ఏళ్ల తరబడి తన ఒంటి లోపంగా మోస్తోంది. అసలే ముక్కోపిని, నాకు ఒళ్లు మండిపోయింది.

అత్తగారు అప్పటికే పంతులు చేత ముహూర్తం పెట్టించుకొచ్చారు. మా వైపు చాలా ఇళ్లల్లో ఆపరేషన్‌కి కూడా నక్షత్రం చూస్తారు. “గురువారం పొద్దున కోసేస్తే బిడ్డకి మంచిదంట సిస్టరమ్మా” అన్నారు.

మా డాక్టరమ్మ అన్నీ పరీక్షించి, నొప్పులకోసం ఎదురుచూడవచ్చన్నారు. ‘ట్రయల్ ఆఫ్ లేబర్’ అంటాం దాన్ని. ఆ మాట వినగానే సుభాషిణి మొహం పాలిపోయింది.

“మళ్లీ పరీక్షా? ఈసారీ తప్పితే మొహం యాడ పెట్టుకునేది?”

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. “ఇంగ్లీషు వదిలేద్దాం. నీ పాత కుట్టు విడిపోయే ప్రమాదం కొంచెం ఉంది, దాచను. మళ్లీ ఆపరేషన్ చేసినా దాని ప్రమాదాలు దానికున్నాయి. నొప్పులు వాటంతటవే వస్తే బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉంటాం. తేడా వస్తే వెంటనే ఆపరేషన్ చేస్తాం. రెండూ కాన్పులే. నీకేది కావాల?”

సుభాషిణి ఒకసారి అత్తగారి వైపు చూసి, “నొప్పులు పడతా” అంది.

ముహూర్తానికి ముందురోజే నొప్పులు మొదలయ్యాయి. నడిపించాను, నడుము రుద్దాను, మానిటర్ మీంచి కన్ను తిప్పలేదు. మధ్యలో కాసేపు కాన్పు ముందుకు సాగలేదు. డాక్టరమ్మ థియేటర్ సిద్ధం చేయించారు. అప్పుడే అత్తగారు తలుపు దగ్గరికొచ్చి “రేపటిదాకా ఆపలేరా?” అన్నారు.

“బిడ్డ వచ్చిందే ముహూర్తం! నువ్వు పోయి కూచో అత్తా!” అని లోపలినుంచి ఒక్క కేక పెట్టింది సుభాషిణి. మాకు నవ్వాగలేదు. ఆ తర్వాత నొప్పులు జోరందుకుని, సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. “సాధించావే తల్లీ!” అని నేనే అందరికంటే గట్టిగా అరిచాను. అత్తగారు మనవరాల్ని ఎత్తుకుని ముహూర్తం ఊసే ఎత్తలేదు.

మర్నాడు వార్డులో పక్క మంచం అమ్మాయి, ఆపరేషన్ అయిన పిల్ల, “నాకు నార్మల్ ఫెయిలైందక్కా” అని ఏడుస్తోంది.

సుభాషిణి కస్సుమంది. “ఫెయిలేందమ్మే? బిడ్డ నీ పక్కనే ఉండాడు గదా! నాకూ అట్టనే అన్నారు, నమ్మి ఏళ్లు ఏడ్చినా. నువ్వు ఏడవబాక.”

ఇంజెక్షన్ ఇచ్చేముందు మోతాదు చూసుకుంటాం. మంచం పక్కన నోరు తెరిచేముందు కూడా అంతే జాగ్రత్త కావాలని ఈ కేసు నాకు నేర్పింది. మా లేబర్ రూమ్‌లో ఇప్పుడు నొప్పులతో కనేవాళ్లున్నారు, ఆపరేషన్‌తో కనేవాళ్లున్నారు. ఫెయిలైన తల్లి మాత్రం ఒక్కతీ లేదు.