అత్తగారి కళ్ళ ఎత్తు

రెండేళ్ల కిందట మా అత్తగారు తుంటి ఎముక ఆపరేషన్ చేయించుకుని ఫిల్మ్‌నగర్‌లో మా ఫ్లాటుకు వచ్చారు. రెండు నెలలు కుర్చీలోంచి ఎక్కువగా లేవకూడదన్నారు డాక్టరుగారు. ఆ కుర్చీలోంచి ఆవిడకు కనిపించేది పక్క అపార్ట్‌మెంటు గోడ, దాని మీద నీళ్ల గొట్టం. బంజారా హిల్స్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడల్లా అక్కడి చేపల తొట్టి ముందు నుంచి ఆవిణ్ణి కదిలించడం కష్టమయ్యేది. అందుకని ఇంటికి ఒకటి కొన్నాను. ఇంతవరకూ నేను చేసింది మంచిపనే.

స్టాండు కూడా తీసుకోమన్నాడు దుకాణదారు. "అక్కర్లేదు, నేనే చేసుకుంటా" అన్నాను. నా వృత్తి డబ్బింగు మాటలు రాయడం. అంతకు ముందే ఓ విదేశీ వడ్రంగి కార్యక్రమాన్ని తెలుగులోకి దించాను. "చూశారా, ఎంత సులువో!" అని అందులో వందసార్లు రాసి ఉంటాను. రాసీ రాసీ నేనే నమ్మేశాను.

ఎర్రగడ్డ నుంచి ప్యాకింగు పెట్టెల చెక్క ఆటోలో తెచ్చాను. ఎంత కావాలో తెలియక రెట్టింపు తెచ్చాను. మూడు ఆదివారాలు బాల్కనీలో కోశాను, మరలు బిగించాను. మా ఆవిడ టీ తెచ్చినప్పుడల్లా చెవిమీద పెన్సిలు ఉండేలా చూసుకున్నాను. ఎత్తు గురించి మాత్రం చాలా ఆలోచించాను. గోడ పక్కన నిటారుగా నిలబడి, తొట్టి సరిగ్గా నా కళ్ళకెదురుగా వచ్చేలా కొలత తీసుకున్నాను.

స్టాండెక్కిన తొట్టిలో ఎర్రచేపలు నాలుగు, నల్లది ఒకటి వదిలాం. ఇంటికొచ్చినవాళ్లంతా నిలబడి చూసి మెచ్చుకున్నారు.

మూడోరోజు మా ఆవిడ వాళ్లమ్మను అడిగింది. "చేపలు బాగున్నాయా అమ్మా?"

"స్టాండు చాలా బాగుందే. మరలన్నీ ఒకే వరసలో బిగించారు అల్లుడుగారు."

మా ఆవిడకు అనుమానం వచ్చింది. అత్తగారు స్నానానికి వెళ్లినప్పుడు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా ఒక్క చేప లేదు. అడ్డచెక్క ఉంది. దాని మీద ప్యాకింగువాళ్లు అచ్చుగుద్దిన 'దిస్ సైడ్ అప్' అనే అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. బాణం గుర్తు నేలను చూపిస్తోంది. మూడురోజులుగా పెద్దావిడ మర్యాదకు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

సిగ్గుతో ఆ పూటే చేపల్ని బకెట్‌లోకి మార్చి, తొట్టి ఖాళీ చేసి, రంపం పట్టాను. ఒక కాలు కాస్త ఎక్కువ తెగింది. దానికి సరిచేద్దామని రెండోది కోశాను. అది ఇంకా పొట్టిదైంది. మా ఆవిడ వచ్చి రంపం లాక్కునేసరికి స్టాండు నా మోకాళ్ల దాకా దిగిపోయింది, పైగా ఊగుతోంది.

మర్నాడు బోరబండ నుంచి ఒక పెద్ద వడ్రంగిని పిలిపించాం. ఆయన స్టాండు చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో మెల్లిగా తోసి చూశాడు.

"గిదెవరు చేసిన్రు సార్?"

"ఎవరో... తెలిసినాయన" అన్నాను.

"ఆయన్ని మల్ల పిలవకున్రి."

లోపల్నుంచి అత్తగారి గొంతు గర్వంగా వినిపించింది. "మా అల్లుడుగారే చేశారండీ! మూడు ఆదివారాలు కష్టపడ్డారు!"

వడ్రంగి నా వైపు చూడలేదు. చాలాసేపు చెక్కను నిమిరాడు. "చెక్కయితే మంచిదే సార్" అన్నాడు చివరికి. తర్వాత అడిగాడు. "చేపల్ని ఎవరు చూస్తరు?"

ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. చూపించాను. ఆయన అత్తగారి ముందు గొంతుక్కూర్చుని, "అమ్మా, జర సీదా కూసోన్రి" అని నేలనుంచి ఆవిడ కళ్లదాకా టేపు పట్టాడు. ఆవిడ పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు మెడ నిలబెట్టారు.

బాల్కనీలో మిగిలిన చెక్కతో మధ్యాహ్నానికి కొత్త కాళ్లు, వాటి మధ్య అడ్డబద్దలు వచ్చాయి. నాకిచ్చిన పని, చెప్పినచోట పట్టుకోవడం. అదీ రెండుసార్లు తప్పు పట్టుకున్నాను.

పెళ్లయిన పన్నెండేళ్లలో అత్తగారికీ నాకూ "భోంచేశారా", "బయల్దేరతానండి" దాటి మాటలు లేవు. ఆ సాయంత్రం చేపలు తిరిగి తొట్టిలోకి చేరాక ఆవిడ నన్ను పిలిచి పక్కన కుర్చీ చూపించారు.

"ఆ నల్లది చూడండి బాబూ, మిగతావాటిని తిననివ్వట్లేదు. గింజలు అటు చివర వేసి చూద్దామా?"

వేశాను. నల్లది అక్కడికీ వచ్చింది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. రేపు మళ్లీ ప్రయత్నిద్దాం అన్నారు.