ఎడం చేతులు లేచిన క్లాసు

ఫిబ్రవరి రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, చోడవరంలో ఒక హైస్కూలు కంప్యూటర్ గదిలో, నా కోడలి పరువు నేనే తీశాను. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది, అందుకే టైము అంత కచ్చితంగా చెప్తున్నాను.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. నేర్పింది ఈ కోడలే. మా ఇంటికి వచ్చిన ఏడాదే పలక కొని నా ముందు పెట్టింది. నాకేమో సిగ్గు. తెలీని అక్షరం వస్తే దగ్గేదాన్ని, లేకపోతే మంచినీళ్లకని లేచేదాన్ని. ఒకరోజు కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"రాకపోతే రాదను అత్తా. నువ్వు రాదంటేనే కదా నాను సెప్పగలను" అంది.

అప్పట్నుంచి రాదు అనడం నాకు బాగా అలవాటయింది. ఎవరి ముందైనా అనేస్తాను.

ఆమె డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. ఇద్దరు పిల్లలు పుట్టాక, హైస్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచరవుతానని బీఈడీలో చేరింది. ఆ మంగళవారం ఆమె ఆఖరి పాఠం. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు వెనక కూర్చుని చూసి మార్కులు వేస్తాడు. అందులో తప్పితే ఇంకో ఏడాది ఆగాలి. మా అబ్బాయి చెరకు లోడుతో గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లాడు. చార్టులు నలగకుండా పట్టుకునే మనిషి కావాలి కాబట్టి రావికమతంలో షేర్ ఆటో ఎక్కి నేను తోడు వెళ్లాను.

హెడ్మాస్టరు నాకు ఆఖరి బెంచీ చూపించి తన పని మీద వెళ్లిపోయాడు. నా పక్కన రెండు జడల గుంట. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో పరీక్షకుడూ, కోడలి బీఈడీ కాలేజీ మేడమూ.

పాఠం కంప్యూటర్ మెమరీ గురించి. కోడలు చార్టు చూపించి, "కరెంటు పోతే, అంతవరకు మనం టైపు చేసింది ఏమవుతుంది? ఎవరు చెప్తారు?" అని అడిగింది.

ముప్పై ఎనిమిది మంది పిల్లలూ చేతులెత్తారు. నాకు గుండె పొంగిపోయింది. ఒక కుర్రాడు లేచి టకటకా చెప్పేశాడు. మళ్లీ ప్రశ్న, మళ్లీ అన్ని చేతులూ. అప్పుడు చూశాను, కొందరివి కుడి చేతులు, ఎక్కువ మందివి ఎడం చేతులు. పక్కనున్న గుంటదీ ఎడమే.

"ఏటే, ఎడం సెయ్యెత్తేవు?" అని దాని చెవిలో అడిగాను.

"తెలిస్తే కుడిది, తెలీకపోతే ఎడంది మామ్మా. ఎడం సేతులోళ్లని అడగరంట. మేడమ్ నిన్న సెప్పేరు."

"ఏ మేడమే?"

గుంట నా కోడలి వైపు గడ్డం ఆడించింది.

లెక్కపెట్టాను. కుడివి పదకొండు. ఇరవై ఏడు మంది మాకు రాదని చెయ్యెత్తి మరీ చెప్తుంటే, ఈమె వాళ్ల మీంచి చూస్తూ పాఠం నడిపేస్తోంది. నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టిన మనిషేనా అని మళ్లీ చూశాను. ఆమే.

మూడో ప్రశ్న వేసింది. సేవ్ చేసింది ఏ మెమరీలో ఉంటుందట. నాకు తెలీదు. ఎడం చెయ్యి ఎత్తాను. పొరపాటున ఎత్తానని తర్వాత ఇంట్లో అన్నాను గాని, పొరపాటు కాదు.

పిల్లలు కిసుక్కుమన్నారు. పరీక్షకుడు ముందుకు వంగి, "ఏం మామ్మగారూ, మీకు తెలుసా?" అన్నాడు.

"తెలీదు బాబూ. తెలీనోళ్లు ఎడంది ఎత్తాలంట కదా. ఎత్తేను."

ఎడం చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. కాలేజీ మేడమ్ "కంటిన్యూ, కంటిన్యూ" అంది. కోడలు నన్ను చూసిన చూపు ఇప్పటికీ ఒంట్లో గుచ్చుకుంటుంది. చార్టు పక్కన పెట్టి పిల్లల వైపు తిరిగింది.

"దించకండి. ఎడం చెయ్యి ఎత్తినవాళ్లు మళ్లీ ఎత్తండి."

ఎవరూ ఎత్తలేదు. నేనొక్కదాన్నే. తర్వాత నా పక్క గుంట. దాని వెంట మిగతావాళ్లు, భయం భయంగా.

ఆ గుంటనే పిలిచి కంప్యూటర్లో పేరు టైపు చేయించింది. చేయించి, ఠక్కున ప్లగ్గు పీకేసింది. గుంట "అయ్యో!" అని అరిచింది. మళ్లీ ప్లగ్గు పెడితే ఆ పాత కంప్యూటర్ ఎంతకీ తెరుచుకోదు.

"మేడమ్, ఈలోగా నడిసి రోలుగుంట ఎల్లొచ్చేయొచ్చు" అన్నాడొక కుర్రాడు. క్లాసంతా నవ్వింది, కోడలు నవ్వలేదు.

తెరుచుకున్నాక చూస్తే పేరు లేదు. మళ్లీ టైపు చేయించి, ఈసారి సేవ్ చేయించి, మళ్లీ ప్లగ్గు పీకింది. మళ్లీ అంతసేపూ ఆగాం. ముప్పై ఎనిమిది మందీ తెర చుట్టూ మూగారు. "ఉందర్రా!" అని గుంట కేకేసింది. అప్పుడే బెల్లు కొట్టారు.

పరీక్షకుడు పుస్తకం మూశాడు. "లెసన్ ప్లాన్‌లో ఐదు భాగాలు రాశారు. రెండే అయ్యాయి."

"అవునండి" అంది కోడలు.

"ఈ చేతుల సంగతి నాకు కొత్త కాదమ్మా. ఏ స్కూలుకెళ్లినా చూస్తుంటాను. కుడివి చూసుకుని మార్కులేసి పోతుంటాను." అలా అనేసి బయటకు నడిచాడు. చదువుకున్న పెద్దమనిషి, తెలిసి తెలిసే అలా మార్కులేస్తున్నాడు!

ఆటోలో కోడలు ఏడ్చింది. "నీకు నానేటి అన్నేయం సేసేనత్తా? అందరూ అలాగే సేస్తారు. నాను పాసవ్వాలా వద్దా?"

"నాకు నేర్పినట్టు ఆ గుంటలకీ నేర్పొచ్చు కదే" అన్నాను.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఫలితాలొచ్చాయి. పాసయింది, తోటివాళ్లందరి కంటే తక్కువ మార్కులతో. ఆ మార్కులతో ఉద్యోగం ఎవరిస్తారని ఆమె బెంగ. ఆ బెంగకు కారణం నేనే, కాదనను. అయినా మళ్లీ ఆ బెంచీ మీద కూర్చుంటే మళ్లీ ఎత్తుతాను.

ముసల్ది ఓర్వలేక కోడలి పాఠం చెడగొట్టిందని మా వీధిలో చెప్పుకుంటున్నారు. చెప్పేవాళ్లెవరూ అక్కడ లేరు. ఉన్నది వీళ్లు: కలం పట్టుకున్న పరీక్షకుడు, కంటిన్యూ అన్న కాలేజీ మేడమ్, కుడి చేతులెత్తిన పదకొండు మంది, ఎడం చేతులెత్తిన ఇరవై ఏడు మంది, నా కోడలు, నేను.