బావ పేరు అనని అవ్వ

మా తాతకు అన్న ఒకాయన బర్మా యుద్ధానికి పోయి అక్కడే చనిపోయాడు. మేడ్చల్ స్టేషన్‌లో రైలెక్కిన మనిషి మళ్లీ రాలేదు. పోయాడని చెప్పే కాగితం వచ్చిందట, దాన్ని చెదలు తిన్నాయి. పెళ్లీ పిల్లలూ లేరు. ఊరంతా ఆయన్ని ‘పొడుగు పటేల్’ అనేవాళ్లు, తాత ‘మా అన్న’ అనేవాడు. పెత్రమాస నాడు, అదే పితృ అమావాస్యకు, పోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు మాత్రం అసలు పేరు అయ్యగారి చెవిలో చెప్పేవాడు. తర్వాత తాత పోయాడు, ఆ అయ్యగారూ పోయాడు. ఇక ఆ పేరు తెలిసిన ప్రాణి భూమ్మీద మా అవ్వ ఒక్కతే.

ఆమేమో చెప్పదు. మొగుడి అన్న ఆమెకు బావ వరస.

“నోరెట్లొస్తదే? బావ పేరు అంటరా ఎవలన్న?”

సరే, అనకు. కానీ ప్రతి పెత్రమాసకూ కొత్త అయ్యగారు పేరడుగుతాడు, నాయిన అవ్వ దిక్కు చూస్తాడు, అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. “పేరు లేని బియ్యం ఆయనకెట్ల ముడ్తయి? ఉపాసమున్నడు మా బావ!” ఇదెక్కడి న్యాయం చెప్పండి! తాళంచెవి తన బొడ్లో దోపుకుని, తలుపు తియ్యలేదని మా మీద ఏడవడం.

తొంభైల్లో నేను మేడ్చల్‌లో టైపు నేర్చుకుంటున్నానని నాయిన ఆ పని నా నెత్తిన వేశాడు. పాత సిపాయిల రికార్డులుండే ఆఫీసుకు ఉత్తరం కొట్టాను: ‘మావాడు బర్మాలో మరణించాడు, దయచేసి పేరు తెలుపగలరు.’ జవాబొచ్చింది: ‘దయచేసి పేరు తెలుపగలరు.’

అవ్వ కాళ్లు పట్టుకున్నాం. చివరికి గోడ వైపు తిరిగి, “దేవుని పేరే. గుట్ట మీదుంటడు” అంది.

“ఏ గుట్ట అవ్వా?”

“ఏ గుట్టేంది? గుట్టంటే గుట్టనే!”

గుట్ట లేని దేవుడెవడు మా దిక్కు? నేను యాదగిరిగుట్ట అన్నాను, నాయిన కొమురెల్లి అన్నాడు. అవ్వ కిసుక్కున నవ్వుతుందే తప్ప ఔననదు, కాదనదు. ఔనన్నా పేరు అన్నట్టేనట! నాయినకు తిక్క రేగి, ఏకంగా తిరుపతి దేవుడి పేరు పెట్టి నాతో ఇంకో ఉత్తరం కొట్టించాడు.

ఆర్నెల్లకు, సరిగ్గా పెత్రమాస ముందర, జవాబొచ్చింది. ఆ పేరు గల సిపాయి బర్మాలో మరణించాడట! అయ్యగారి ముందే చదివి అవ్వను సంతోషపెడదామని నాయిన ఉత్తరం దాచాడు. అందులో ఉన్నది మన జిల్లా కాదు నాయినా అంటే, “ఆఫీసోళ్లకు ఊర్లేం తెలుస్తయి, నువ్వు సప్పుడు జెయ్యకు” అన్నాడు.

పెత్రమాస నాడు అయ్యగారు పేరడిగాడు. నాయిన ఛాతీ పెంచి, ఉత్తరం విప్పి చదివాడు. అయ్యగారు ఆ పేరుతోనే మంత్రం అందుకున్నాడు.

“ఆగుర్రి! ఎవడు రా వాడు? మా బావ బియ్యం ఎవనికిస్తున్నవ్ రా?” అని అరిచి, అవ్వ పేరు అనేసింది. ఆవేశంలో ‘ఫలానా ఆయన కొడుకు’ అంటూ తన మామ పేరు కూడా కలిపి అనేసింది.

గుట్ట దేవుడి పేరే. మా ఊరి గుట్ట దేవుడు! రోజూ కనబడే ఆ గుట్ట మాకెవరికీ తట్టలేదు, మా మొహాలు మండ.

అయ్యగారు పేరు సరిచేసుకుని బియ్యం ఇప్పించాడు. అవ్వ లెంపలు వాయించుకుంటూ కూర్చుంది. నాయిన నవ్వుతూ, “అయిపాయె గదనే అవ్వా, ఇంకెందుకు సిగ్గు?” అన్నాడు.

“రైలుకు పోయే పొద్దు, ‘పోయొస్త’ అన్నడు నాతోని. కొత్త కోడల్ని, ఎదురుంగ నిలవడి మాట్లాడొద్దాయె. తలుపు సాటుకు పోయిన” అంది అవ్వ. “ఆయనతోని నేను మాట్లాడుడు ఇయ్యాలనే మొదలు బిడ్డా.”