దండ లేని ఫోటో

పండుమిరప కారం జాడీ మూత తీస్తే చాలు, తుమ్ము కంటే ముందు నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది, ఆవిడ వెంటే మా ఊరి పెద్దమనుషులూ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

మాఘమాసంలో కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉంటే, మేం పిల్లలం పత్తి కుక్కిన పెద్ద గోతాలు, బోరేల మీద దూకి తన్నులు తినే రోజుల్లో, పెద్దమ్మ పండుమిరపకాయలు చింతపండుతో రోట్లో తొక్కి రెండు జాడీలకి ఎత్తేది. పెద్దది మాకు, చిన్నది పెదనాన్నకి. పెదనాన్న యుద్ధవిమానం నడిపేవాడు. నేను పుట్టకముందే, డెబ్బై ఒకటి యుద్ధంలో, విమానంతో సహా కనపడకుండా పోయాడు. శవం దొరకలేదు, విమానం ముక్కా దొరకలేదు. అందుకే పెద్దమ్మ రూపాయంత బొట్టు తియ్యలేదు, గోడ మీది ఫోటోకి దండ వెయ్యనివ్వలేదు. "ఆయన పోవడం చూసినోడు ఎవడన్నా ఉంటే రమ్మను, అప్పుడు తీస్తా," అనేది. ఊళ్లో ఆడవాళ్లు ఆవిణ్ణి పేరంటానికి పిలిచేవాళ్లు కాదు, ఎదురొస్తే మొహం తిప్పుకునేవాళ్లు, కారం మాత్రం గిన్నెలు తెచ్చుకుని మరీ పట్టుకెళ్లేవాళ్లు.

నేను నాలుగో తరగతిలో ఉండగా కార్గిల్ యుద్ధం వచ్చింది. అప్పటిదాకా పెదనాన్న పేరైనా తలవని మా ప్రెసిడెంటుకి టీవీ చూసి దేశభక్తి పొంగింది. ఎవరో నాయకుడి కోసం చేయించి మిగిలిపోయిన విగ్రహానికి పైలట్ టోపీ తగిలించి, ఇదే పెదనాన్న అని సెంటర్లో నిలబెట్టాడు. కింద పంచె అలాగే ఉంది! ముందురోజు ఇంటికొచ్చి, "అమ్మా, రేపు పేపరోళ్లొస్తారు. ఆ బొట్టు లేకుండా వస్తే ఫోటో నిండుగా ఉంటుందండీ," అన్నాడు. సిగ్గులేని జన్మ.

మర్నాడు పెద్దమ్మ ఇంకాస్త పెద్ద బొట్టు పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని వెళ్లింది. ప్రెసిడెంటు చేంతాడంత బంతిపూల దండ విగ్రహం మెడలో వేసి చప్పట్ల కోసం చూస్తున్నాడు. పెద్దమ్మ మెట్లెక్కి ఆ దండ తీసి అతని మెడలోనే వేసింది.

"బతికున్నోళ్లకేస్తే మర్యాదండీ. మీరే ఉంచుకోండి."

ఆ శుంఠ అదేదో సన్మానం అనుకుని పళ్లికిలించి దణ్ణం పెట్టాడు. కింద వాళ్లావిడ మాత్రం "అయ్యయ్యో, తీసెయ్యండి ఆ దండ!" అని గుండెలు బాదుకుంది. దారంతా పెద్దమ్మ నవ్వుతూనే ఉంది. గుమ్మం దాటాక ఏడ్చింది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు విగ్రహం పీకేశారు. ఎక్కడ పారేశారో ఎవడికీ తెలియదు. పెదనాన్న రెండోసారీ దొరకలేదు. బోరేలూ లేవు, రోలూ లేదు, మిక్సీ ఉంది. పెద్దమ్మ పోయినప్పుడు బొట్టు ఉంచాలా తియ్యాలా అని అదే పెద్దమనుషులు వాకిట్లో వాదించుకుంటుంటే, నేనే వెళ్లి రూపాయంత బొట్టు దిద్దాను.

ఇప్పుడు గోడ మీద పెద్దమ్మ ఫోటోకి దండ ఉంది, పక్కన పెదనాన్నకి లేదు. ఆయన వస్తాడని నాకేం నమ్మకం లేదు. అయినా ఈ ఏడూ కారం రెండు జాడీలకే ఎత్తాను.