అన్నీ తెలిసినట్టు అడిగిన కంప్యూటర్

మాది పోర్ట్ బ్లెయిర్‌లో మిన్నీ బే. రెండేళ్ల కిందట చేపల వేటకెళ్లిన మా ఆయన పడవ తిరగబడింది. ఈదుకుంటూ బయటపడ్డారు గానీ, తర్వాత నిద్ర కరవైంది. ఆసుపత్రికి తీసుకెళ్లాను. తోడొచ్చినవాళ్లు కూడా జవాబులివ్వాలంటూ డాక్టరమ్మ మా ఇద్దరినీ చెరో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. హిందీలో ప్రశ్న వస్తుంది, జవాబు నొక్కాలి.

ఆయనకు ఎనిమిది ప్రశ్నలతో ముగిసింది. నాకు ఆగడం లేదు. ఆకలి, నిద్రలతో మొదలై, ఇంట్లో వాళ్లకు భారమయ్యానని అనిపిస్తోందా అనేదాకా వచ్చింది. ఇదంతా దీనికెలా తెలుసు? నేను చాటుగా ఏడవడం ఆయన చూసి చెప్పేశారనుకున్నాను. అంతలో “బతకాలని లేదనిపిస్తోందా?” అని వచ్చింది. ఒళ్లు మండిపోయింది.

“నా గురించి ఈళ్లకేటి సెప్పావు?” అని అందరి ముందూ అరిచాను.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. “అరె దీదీ, ఎవరూ చెప్పలేదు. మీరిచ్చిన జవాబును బట్టే అది తర్వాతి ప్రశ్న వేస్తుంది. భయ్యా సంగతి జల్దీ తేలిపోయింది, మీది ఇంకా తేలలేదు.”

నేను నమ్మలేదు. ఆయన వంగి ఆ ప్రశ్న మెల్లగా చదువుకున్నారు.

“నీకిలాగనిపిస్తందా?” అన్నారు. “నాకేటి తెలుసనే సెప్తాను?”

అప్పుడు నమ్మాను. మళ్లీ కూర్చుని, ఆయన చూస్తుండగానే “అవును” అని నొక్కాను.

ఇద్దరం కలిసే వైద్యం చేయించుకున్నాం. ఇప్పుడు బాగున్నాను. ఆయన్ని అనుమానించినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ ఆ రోజు అలా అరవకపోయుంటే, నా మనసులో మాట ఆయనకు ఎన్నటికీ తెలిసేది కాదు.